మూడవ ప్రయత్నం – సోఫీ జెర్మేన్

1776లో పారిస్ నగరంలో జన్మించిన సోఫీ జెర్మేన్‌ను ఇచట స్మరిస్తున్నాము. రాత్రి చదువు మాన్పించదలచి తల్లిదండ్రులు దీపం తొలగిస్తే, దాచిన కొవ్వొత్తుల వెలుగులో ఆమె గణితం అభ్యసించింది. 1794లో వెలసిన ఎకోల్ పాలిటెక్నిక్ స్త్రీలను చేర్చుకొనకపోగా, లెబ్లాన్ అను పురుషనామంతో లగ్రాంజ్ పండితునికి వ్యాసం పంపింది.

ఇసుక చల్లిన ఫలకం అంచున ఫిడేలు కమాను లాగితే, ఆ కంపనానికి ఇసుక రేఖాకృతులు దాల్చుతుందని క్లాడ్నీ చూపాడు. దాని గణితసూత్రానికి పారిస్ విద్వత్సంస్థ 1809లో బహుమతి ప్రకటించింది. 1811, 1813లలో గెలువని ఆమె 1816లో మూడవసారి సాధించింది. ఆ సిద్ధాంతానికి 1850లో కిర్కాఫ్ పరిపూర్ణత చేకూర్చాడు.

ఆమె 1831లో మరణించింది. సూక్ష్మ సిలికాన్ పొరల కంపనాన్ని గణించే ఇంజనీర్లకు ఆ ఫలక సిద్ధాంతం నేటికీ ఆధారం. ఒక్కసారి తప్పినంతనే పుస్తకం మూయదలచు మా విద్యార్థులకు ఈ చరిత్ర చాలునని మా నమ్మకం.