ఇంటి కప్పులో గ్రహాలను తిప్పిన ఐసే ఐసింగా

మిత్రులారా, సైన్సు పుస్తకంలో సౌర కుటుంబం బొమ్మ మనమందరం చూశాం. ఆ బొమ్మలో గ్రహాలు కదలవు. వాటిని తన ఇంట్లోనే కదిలేటట్టు చేసిన ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు ఐసే ఐసింగా.

ఆయన 1744 ఫిబ్రవరి 21న నెదర్లాండ్స్ దేశంలో డ్రోన్‌రైప్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గొర్రెల ఉన్ని దువ్వే పని చేసేవాడు. ఐసింగాకు లెక్కలంటే ప్రాణం. అయినా పెద్ద చదువులకు పంపలేదు. తండ్రి పనే నేర్చుకున్నాడు. ఫ్రానెకర్ అనే పట్నానికి నడిచి పోయి లెక్కలు నేర్చుకునేవాడు. చిన్న వయసులోనే లెక్కల మీద లావుపాటి పుస్తకం రాసుకున్నాడు. పెళ్లయ్యాక ఫ్రానెకర్‌లోనే కాపురం పెట్టాడు. ఆ ఊళ్లో యూనివర్సిటీ ఉండేది. ఆయన మాత్రం ఉన్ని పనే చేసుకున్నాడు.

1774 మే 8న చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు ఆకాశంలో ఒకేచోట కనిపిస్తాయని, వాటివల్ల భూమి దారి తప్పి సూర్యుడిలో పడిపోవచ్చని ఒక చిన్న పుస్తకం వచ్చింది. జనం హడలిపోయారు. ఆ రోజు వచ్చింది, పోయింది. ఏమీ కాలేదు. మన ఊళ్లలో కూడా గ్రహణం పడితే తలుపులు వేసుకుంటారు కదా! గ్రహాలు ఎట్లా తిరుగుతాయో తెలియకపోతే భయమే మిగులుతుంది.

ఐసింగా ఆ సంవత్సరమే పని మొదలుపెట్టాడు. ఇంట్లో కూర్చునే గది కప్పుకు నీలం రంగు వేశాడు. మధ్యలో సూర్యుడు. చుట్టూ అప్పటికి తెలిసిన ఆరు గ్రహాలు, చిన్న గుండ్లలాగా వేలాడతాయి. 1 మిల్లీమీటరుకు 10 లక్షల కిలోమీటర్లు లెక్క. అంటే సూర్యుడికి భూమి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. శని దాదాపు మీటరున్నర దూరం. పైన అటకలో చెక్క చక్రాలు పెట్టి, పళ్లకు బదులు ఇనుప మేకులు కొట్టాడు. మేకులే పది వేల దాకా ఉన్నాయి! అన్నిటినీ లోలకం గడియారం నడిపిస్తుంది. నిజం గ్రహాలకు ఎంత కాలం పడుతుందో వీటికీ అంతే. బుధుడు 88 రోజుల్లో తిరిగి వస్తే, శనికి 29 సంవత్సరాల పైన పడుతుంది.

దూరంగా ఉన్న రెండు కొండలు అంటుకున్నట్టు కనిపిస్తాయి. దగ్గరికి పోతే మధ్యలో ఎంతో దూరం. గ్రహాలూ అంతే. ఆ గదిలో తల ఎత్తి చూస్తే ఎవరి దారి వారిదేనని చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది.

1781లో పని పూర్తయింది. ఆ ఏడే యురేనస్‌ను కనిపెట్టారు. దానికి కప్పులో చోటు లేదు!

తర్వాత కష్టాలు వచ్చాయి. 1787లో దేశంలో రాజకీయ గొడవల వల్ల ఆయన ఇల్లు విడిచి పారిపోయాడు. దూరంగా ఉన్నప్పుడే భార్య చనిపోయింది. జైలుకు కూడా పోయాడు. 1795 తర్వాత తిరిగి వచ్చి చక్రాలు మళ్లీ నడిపించాడు. 1818లో రాజు వచ్చి చూశాడు, 1825లో కొన్నాడు. ఐసింగా 1828 ఆగస్టు 27న, 84వ ఏట చనిపోయాడు.

ఆ గ్రహాలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. 2023లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మిత్రులారా, మన అమ్మానాన్నలు కూడా చేతి పనులు చేసేవాళ్లే. చేతి పని తెలిసినవాడికి లెక్కలు కూడా వస్తే ఆకాశాన్నే ఇంట్లోకి దించగలడని ఐసింగా చూపించాడు. అందుకని లెక్కలు చూసి భయపడకండి!

– 9వ తరగతి విద్యార్థిని