వేలూరు డాక్టరమ్మ ఐడా స్కడ్డర్ – పురిటి గదికి డ్యూటీ వేసిన మనిషి

మా చిత్తూరు వైపు వాళ్ళకి వేలూరు ఆస్పత్రి గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. పెద్ద జబ్బు ఏదొచ్చినా బస్సెక్కి అక్కడికే పోతాం. దాన్ని పెట్టిన అమెరికా డాక్టరమ్మ ఐడా సోఫియా స్కడ్డర్ పేరు కూడా చాలామంది విన్నదే. అయితే పెద్ద ఆస్పత్రి కట్టింది, మెడికల్ కాలేజీ పెట్టింది అని చెప్పుకుని అక్కడితో ఆపేస్తాం. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి సుబేదార్‌గా రిటైర్ అయినవాడిని. నాకు కనపడేది ఆమె చేసిన ఇంకో పని. కాన్పు దగ్గర రాత్రంతా కనిపెట్టుకుని కూర్చోగలిగిన, పని నేర్చిన ఆడపిల్లల్ని ఆమె తయారు చేసింది. ఈ సంచికకు ఆమె గురించి రాస్తానని సెక్రటరీ గారిని నేనే అడిగాను.

ఐడా 1870 డిసెంబర్ 9న రాణిపేటలో పుట్టింది. అప్పుడు అది ఉత్తర ఆర్కాటు జిల్లా. మన చిత్తూరు కూడా అందులోదే, 1911లో గానీ వేరే జిల్లా కాలేదు. తాత జాన్ స్కడ్డర్ 1819లో సిలోన్ వచ్చిన మిషనరీ డాక్టరు. తండ్రీ డాక్టరే. 1876–78 నాటి కరువు, మన పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునేది, ఈ పిల్ల చిన్నతనంలోనే కళ్ళారా చూసింది. ఆ తర్వాత చదువుకి అమెరికా వెళ్ళి, తిరిగి ఇండియా ముఖం చూడకూడదనే అనుకుంది. అక్కడే పెళ్ళి చేసుకుని సుఖంగా ఉందామని ఆమె ఆశ. అందులో తప్పేముంది, ఆ వయసు అలాంటిది.

1890లో తల్లికి జబ్బు చేసిందని తిండివనం వచ్చింది. కొద్దికాలం ఉండి వెళ్ళిపోదామనే వచ్చింది. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, ఆమె గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డారు. ఒకాయన బ్రాహ్మణుడు, ఒకాయన ముస్లిం, మూడో ఆయన మరో అగ్రకులస్థుడు. ముగ్గురి ఇళ్ళలోనూ భార్యలు నొప్పులు పడుతున్నారు, బిడ్డ బయటికి రావడం లేదు. మా నాన్నగారు డాక్టరు, ఆయన్ని తీసుకెళ్ళండి అని ఐడా చెప్పింది. పరాయి మగవాడు లోపలికి రాకూడదు అన్నారు. ఆమె వెళ్దామంటే ఆమెకి వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. శవం ముందు వాయించే డప్పుల మోత ఆమె ఇంట్లోకి వినపడింది. ఆ రోజే డాక్టరు చదువుతానని తల్లిదండ్రులతో చెప్పేసింది.

ఫిలడెల్ఫియాలో మహిళల మెడికల్ కాలేజీలో మొదలుపెట్టి, తర్వాత న్యూయార్క్‌లోని కార్నెల్ మెడికల్ కాలేజీకి మారి, 1899లో డిగ్రీ తీసుకుంది. ఆ కాలేజీ ఆడవాళ్ళని చేర్చుకున్న మొదటి బ్యాచిలో ఆమె ఉంది. ఓడెక్కేముందు షెల్ అనే బ్యాంకు యజమాని, చనిపోయిన తన భార్య పేరు మీద ఆస్పత్రి కట్టమని 10,000 డాలర్లు ఇచ్చాడు. 1900లో వేలూరు చేరింది. దగ్గరుండి పని నేర్పుతాడనుకున్న తండ్రి ఆ ఏడే పోయాడు. బంగళాలో ఒక చిన్న గదిలో మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో జనం రాలేదు, తర్వాత ఆపలేనంతమంది వచ్చారు. సలోమీ అనే స్థానిక స్త్రీకి కట్లు కట్టడం, మందులు కలపడం నేర్పి పక్కన పెట్టుకుంది. 1902లో 40 పడకల షెల్ ఆస్పత్రి తెరిచారు.

ఇక్కడ మన ఫౌజీ లెక్క ఒకటి చెప్పాలి. ఒక్క సెంట్రీతో పోస్టు మొత్తం కాపలా కాయలేం కదా. తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నడుస్తాయి. డాక్టరమ్మ ఒక్కతే. ఒక గదిలో ఆపరేషన్ చేస్తుంటే పక్క గదిలో బాలింతకి రక్తం పోతుంటే చూసేదెవరు? కాన్పు దగ్గర డాక్టరుకి పని కొంతసేపే, తల్లికి పక్కన మనిషి మాత్రం మొత్తం కావాలి. ఈ లెక్క ఐడాకి తొందరగానే అర్థమైంది. 1909లో డెలియా హౌటన్ అనే నర్సు తోడుగా వేలూరులో నర్సింగ్ స్కూల్ పెట్టింది.

అప్పట్లో అది చాలా కష్టమైన పని. రక్తం, మలమూత్రాలు ముట్టుకునే పని మంచి ఇంటి పిల్లలు చేయరనేవాళ్ళు. పురుడంటేనే మైల. పురిటి మనిషిని గాలీ వెలుతురూ లేని గదిలో పెట్టి, మంత్రసానికి వదిలేసేవాళ్ళు. మంత్రసానుల్ని నేను తిట్టను. వాళ్ళలో చేతివాటం ఉన్నవాళ్ళు చాలామంది. కానీ చేతులు సబ్బుతో కడగడం, కత్తి మరగబెట్టడం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. దొరికిన కత్తితో బొడ్డు కోసి, మీద బూడిదో పేడో అద్దితే, వారం తిరిగేలోగా బిడ్డ దవడ బిగుసుకుపోయేది, పాలు తాగలేకపోయేది. అది ధనుర్వాతం. జనం గ్రహచారం అనుకునేవాళ్ళు. తల్లికి చలిజ్వరం వచ్చి పోతే గాలి సోకింది అనేవాళ్ళు. తల్లులకీ పసిపిల్లలకీ వచ్చే ఈ ధనుర్వాతం మన దేశంలో అదుపులోకి వచ్చిందని లెక్క తేలింది 2015లో. అంటే ఐడా నర్సింగ్ స్కూల్ పెట్టిన నూరేళ్ళ తర్వాత.

నర్సు అక్కడ కూర్చుని ఏం చేస్తుందని మన జవాన్లు అడుగుతుంటారు. చేసేది చాలా ఉంది. నెలలు నిండేలోపు బీపీ, కాళ్ళ వాపు, మూత్రంలో ఆల్బుమిన్ చూస్తుంది. అవి పెరిగితే గుర్రపువాతం వచ్చి ఫిట్స్ వస్తాయి, ముందే పట్టుకుంటే తల్లి దక్కుతుంది. నొప్పులప్పుడు బిడ్డ గుండె చప్పుడు లెక్కపెడుతుంది. బిడ్డ పుట్టగానే తడి తుడిచి తల్లి రొమ్ము మీద వెచ్చగా పడుకోబెడుతుంది, గంటలోపు ముర్రుపాలు తాగిస్తుంది. మన ఇళ్ళల్లో ఆ పాలు పిండి పారబోసి పంచదార నీళ్ళు పోసేవాళ్ళు, గుర్తుందా? పుట్టిన బిడ్డకి వెంటనే స్నానం పోయడం కూడా మంచిది కాదు, ఒక రోజు ఆగాలి. అన్నిటికన్నా ముఖ్యం, మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా బిగుసుకుందా లేదా అని పొట్ట మీద చెయ్యి వేసి చూస్తూ ఉండడం.

ఆ చివరి మాట నాకు పుస్తకంలో చదివింది మాత్రమే కాదు. 1996లో నా భార్య తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది, నేను కాశ్మీర్‌లో ఫీల్డ్‌లో ఉన్నాను. టెలిగ్రాం చేతికి వచ్చేసరికి బిడ్డకి తొమ్మిది రోజులు. తర్వాత లీవులో మా అత్తగారు చెప్పింది. కాన్పు బాగానే అయింది, అందరూ మిఠాయి పంచుకోవడానికి వెళ్ళారట. రాత్రి డ్యూటీ సిస్టరమ్మ మాత్రం అరగంటకోసారి వచ్చి పొట్ట నొక్కి చూసింది. నాలుగోసారి మెత్తగా తగిలింది, కింద గుడ్డ తడిసిపోయి ఉంది. పొట్ట మర్దన చేస్తూనే డాక్టరుకి కబురు పెట్టింది, ఇంజెక్షన్ సిద్ధం చేసుకుంది. ఆ సిస్టర్ చదివింది ఎక్కడో నాకు తెలియదు, పేరు కూడా అడగలేకపోయాం, ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళిపోయింది. బోర్డర్‌లో ఉన్న ప్రతి జవానుకీ ఇంటి దగ్గర ఇలాంటి రాత్రి ఒకటి ఉంటుంది.

మళ్ళీ ఐడా దగ్గరికి వద్దాం. ఆస్పత్రికి రాలేని పల్లెల కోసం ఆమె ఎద్దులబండిలో, 1909 నుంచి చిన్న ప్యూజో కారులో గుడియాత్తం రోడ్డు మీద చెట్ల కింద ఆగి మందులిచ్చేది. కారుని మొదట చూసిన జనం దయ్యమని పరుగెత్తారట. 1918లో ఆడపిల్లల మెడికల్ స్కూల్ తెరిచింది. ఆడపిల్లలు డాక్టరు చదువుకి ఎక్కడొస్తారని అధికారులు అనుకుంటే 151 దరఖాస్తులు వచ్చాయి. 1922లో 14 మంది చదువు పూర్తిచేశారు. తర్వాత ప్రభుత్వం పాత డిప్లొమా చాలదు, యూనివర్సిటీ డిగ్రీ కావాలని రూలు మార్చింది. స్కూలు మూతపడే పరిస్థితి. డెబ్భై ఏళ్ళ వయసులో ఆమె అమెరికా వెళ్ళి యుద్ధకాలమంతా ఊరూరా తిరిగి డబ్బు కూడబెట్టింది. మన దగ్గర ఆ వయసువాళ్ళు పెన్షన్ ఆఫీసుకి వెళ్ళడానికే ఆటో కావాలంటారు.

కాలేజీ నిలబడింది. 1946లో అక్కడే నర్సింగ్‌లో డిగ్రీ కోర్సు మొదలైంది. మన మిలిటరీ నర్సింగ్‌కి మొదలు 1888లో బొంబాయిలో దిగిన పదిమంది బ్రిటిష్ నర్సులు, 1926లో అది మిలిటరీ నర్సింగ్ సర్వీస్ అయింది. వాళ్ళు వచ్చింది సిపాయిల కోసం. సిపాయి భార్య కోసం, రైతు భార్య కోసం పిల్లల్ని నేర్పి పంపే పని వేలూరు లాంటి చోట్ల జరిగింది.

ఇంకో సంగతి మన వాళ్ళకి తెలియాలి. ఐడా తర్వాత వేలూరు బాధ్యత తీసుకున్న మొదటి భారతీయ డైరెక్టర్ డాక్టర్ హిల్డా లాజరస్ మన విశాఖపట్నంలో పుట్టిన ఆమె. ఆమె కూడా కాన్పుల డాక్టరే. నర్సులకీ మంత్రసానులకీ శిక్షణ ఇవ్వడమే ఆమె జీవితంలో పెద్ద పని. 1961లో పద్మశ్రీ వచ్చింది.

ఐడా పెళ్ళి చేసుకోలేదు. చివరి ఏళ్ళు కొడైకెనాల్ కొండ మీద గడిపింది. డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం కూడా ఆమెకి చేరిందని చెప్తారు. 1960 మే నెలలో అక్కడే కన్నుమూసింది, వయసు 89. మనిషిని వేలూరు తీసుకొచ్చి అక్కడి మట్టిలోనే పెట్టారు. ఆ వారం కూడా అక్కడి నర్సింగ్ పిల్లలు రాత్రి డ్యూటీకి వార్డుకి వెళ్ళే ఉంటారు.

– సుబేదార్ (రిటైర్డ్), ఆర్మీ మెడికల్ కోర్, చిత్తూరు జిల్లా