దవాఖానకు పేరైన యువరాణి

చదివే ముందు

పిల్లలూ, మీ ఇంట్లో ఆసుపత్రిని ఏమంటారు? తెలంగాణలో చాలామంది దవాఖాన అంటారు. ఆంధ్రలో ఆసుపత్రి అంటారు. సర్కారు నడిపే పెద్ద ఆసుపత్రిని పాతకాలంలో ధర్మాసుపత్రి అని కూడా అనేవాళ్ళు. చేతిలో డబ్బు లేకపోయినా వైద్యం చేసే చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది.

హైదరాబాదులో లక్డీకాపూల్ దగ్గర, రెడ్‌హిల్స్‌లో అలాంటి పెద్ద దవాఖాన ఒకటి ఉంది. దాని పేరు నిలోఫర్. తల్లులకు, పిల్లలకు అక్కడ వైద్యం చేస్తారు. ఆటో ఎక్కి నిలోఫర్ అంటే చాలు, తీసుకెళ్ళి దించుతారు. అయితే నిలోఫర్ అనేది ఒక మనిషి పేరని చాలామందికి గుర్తుండదు. ఇవాళ ఆమె కథ చదువుదాం.

ఊరు విడిచిన పిల్ల

నిలోఫర్ 1916 జనవరి 4న టర్కీలోని ఇస్తాంబుల్ నగరంలో పుట్టింది. ఆ దేశాన్ని వందల ఏళ్ళు ఏలిన ఒట్టోమన్ సుల్తానుల వంశం ఆమెది. సుల్తాన్ ఐదో మురాద్ ఆమెకు ముత్తాత. నిలోఫర్‌కు రెండేళ్ళప్పుడే నాన్న చనిపోయాడు. అమ్మే పెంచింది.

1924లో టర్కీలో కొత్త ప్రభుత్వం సుల్తానుల కుటుంబం మొత్తాన్ని దేశం విడిచి వెళ్ళిపొమ్మంది. అప్పటికి నిలోఫర్‌కు ఎనిమిదేళ్ళు. అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రాన్సుకు వచ్చేసింది. సముద్రం ఒడ్డున ఉన్న నీస్ అనే ఊళ్ళో ఉన్నారు. కొత్త ఊరు, కొత్త భాష. పేరుకు యువరాణే కానీ రాజ్యమూ లేదు, ఇంట్లో పెద్దగా డబ్బూ లేదు.

ఒక్క నిమిషం ఆగి, ఆమె పేరు సంగతి చూద్దాం. నిలోఫర్ అంటే కలువ పువ్వు. సంస్కృతంలో నల్లకలువను నీలోత్పలం అంటారు. ఆ మాటే పారశీక భాషలోకి వెళ్ళి నీలూఫర్ అయింది, అక్కడి నుంచి టర్కీకి చేరింది. అంటే ఆమె కంటే ముందు ఆమె పేరే ఎంతో దూరం తిరిగిందన్నమాట!

హైదరాబాదు కోడలు

అప్పట్లో హైదరాబాదును ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలించేవారు. ప్రపంచంలోనే అందరికంటే ధనవంతుడని ఆయనకు పేరు. 1931 నవంబరు 12న నీస్‌లో ఆయన ఇద్దరు కొడుకులకు పెళ్ళిళ్ళు జరిగాయి. పెద్దకొడుకు ఆజం జా దుర్రు షెహవార్‌ను చేసుకున్నాడు. చిన్నకొడుకు మొజం జా నిలోఫర్‌ను చేసుకున్నాడు. ఇద్దరమ్మాయిలూ ఒట్టోమన్ వంశం వాళ్ళే, చుట్టాలే. ఇప్పుడు తోడికోడళ్ళు కూడా అయ్యారు. నిలోఫర్‌కు అప్పటికి పదహారేళ్ళు కూడా నిండలేదు.

హైదరాబాదులో నిలోఫర్ హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో ఉండేది. ఆ రోజుల్లో రాజకుటుంబాల ఆడవాళ్ళు పరదా వెనకే ఉండేవాళ్ళు. నిలోఫర్ మాత్రం చీర కట్టుకుని సభలకూ వేడుకలకూ వెళ్ళేది. ఆమె చీరల అందం గురించి దేశదేశాల్లో మాట్లాడుకునేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆమె నర్సు పనిలో శిక్షణ కూడా తీసుకుంది.

ఆమెకు ఒక దిగులు ఉండేది. పెళ్ళయి ఎన్నేళ్ళయినా పిల్లలు పుట్టలేదు. ఎందరో డాక్టర్లకు చూపించుకుంది. ఫలితం లేకపోయింది.

రఫత్

నిలోఫర్ దగ్గర రఫత్ అనే అమ్మాయి పని చేసేది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంతో ఇష్టం. 1940ల చివర్లో రఫత్ కాన్పు కష్టమై చనిపోయింది.

ఇంత డబ్బున్న ఇంట్లో పనిచేసే మనిషికి ఇలా ఎందుకు జరిగింది? కాన్పు కష్టమైతే మందులు, రక్తం, ఆపరేషన్ చేయగల డాక్టరు, అన్నీ వెంటనే అందాలి. గంట ఆలస్యమైనా ప్రాణం పోవచ్చు. అప్పట్లో చాలామందికి కాన్పులు ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద జరిగేవి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి, మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రి ఉండేవి. కానీ పెరిగే నగరానికి అవి చాల్లేదు.

రఫత్ చావు నిలోఫర్‌ను కదిలించేసింది. ఏడ్చి ఊరుకోలేదు. ఇంకే తల్లికీ ఇలా జరగకూడదని, ఆడవాళ్ళకూ పిల్లలకూ ఒక మంచి ఆసుపత్రి కావాలని మామగారిని అడిగింది. మామగారు ఖర్చు విషయంలో చాలా గట్టి మనిషి అని లోకమంతా చెప్పుకునేది. కానీ కోడలి మాట కాదనలేదు. 1953లో ఆసుపత్రి మొదలైంది. దానికి నిలోఫర్ పేరే పెట్టారు.

చికిత్స చేస్తూ చదువు నేర్పే చోటు

నిలోఫర్ ఆసుపత్రి ఉస్మానియా మెడికల్ కాలేజీతో కలిసి పనిచేస్తుంది. ఆ కాలేజీ 1846లో హైదరాబాదు మెడికల్ స్కూలుగా మొదలైంది. ఇలా కాలేజీతో కలిసి ఉన్న ఆసుపత్రిని బోధనాసుపత్రి అంటారు. బోధన అంటే నేర్పడం.

అక్కడ పొద్దున్నే పెద్ద డాక్టరు ఒక్కో మంచం దగ్గరికీ వస్తారు. వెనకాలే విద్యార్థులు నిలబడతారు. బిడ్డ ఊపిరి ఎలా తీస్తోంది, జ్వరం ఎన్ని రోజుల నుంచి ఉంది, తల్లి ఏం చెబుతోంది, అన్నీ చూసి, విని నేర్చుకుంటారు. పుస్తకంలో ఒక జబ్బు గురించి ఒక్క పేజీ ఉంటే, ఇక్కడ అదే జబ్బుతో పదిమంది పిల్లలు కనిపిస్తారు. ఇక్కడ నేర్చుకున్న డాక్టర్లు తర్వాత జిల్లాలకూ వేరే దేశాలకూ వెళ్తారు. మీ ఊళ్ళో పిల్లల డాక్టరు తెలుగువాళ్ళైతే అడిగి చూడండి. వాళ్ళు నిలోఫర్‌లోనే నేర్చుకుని ఉండొచ్చు!

ఈ ఆసుపత్రిలో ఎప్పుడూ రద్దీయే. దూరపు జిల్లాల నుంచి కూడా అమ్మలు బిడ్డల్ని ఎత్తుకుని బస్సుల్లో వస్తారు. నానమ్మలు, అమ్మమ్మలు ఆవరణలోనే అన్నం మూటలు విప్పుకుని ఎదురు చూస్తుంటారు. మంచాలు చాలని రోజులూ ఉంటాయి. అయినా డబ్బు లేనివాళ్ళు ధైర్యంగా వచ్చి తలుపు తట్టే చోటు అది.

చివరి రోజులు

1952లో నిలోఫర్, మొజం జా విడిపోయారు. ఆమె పారిస్‌లో స్థిరపడింది. 1963లో ఒక అమెరికా ఆయన్ని పెళ్ళి చేసుకుంది. 1989 జూన్ 12న పారిస్‌లోనే చనిపోయింది. ఆమె సొంత పిల్లల్ని ఎత్తుకోలేదు. కానీ ఆమె పేరు పెట్టుకున్న ఇంట్లో ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు మొదటిసారి కళ్ళు తెరిచారో!

హైదరాబాదులో ఆమె మామగారి పేరు ఉస్మానియా ఆసుపత్రికి ఉంది. భర్త పేరు మొజంజాహీ మార్కెట్‌కు ఉంది. ఆమె పేరు నిలోఫర్‌కు ఉంది. రఫత్ పేరు మాత్రం ఏ గోడ మీదా కనిపించదు. ఈసారి హైదరాబాదు వెళ్ళి నిలోఫర్ ముందు నుంచి పోతున్నప్పుడు, ఆ పేరు కూడా ఒకసారి తలుచుకోండి.

కొత్త మాటలు

కాన్పు: బిడ్డ పుట్టడం
మంత్రసాని: ఇంటికి వచ్చి కాన్పు చేసే ఆవిడ
తోడికోడలు: భర్త అన్నదమ్ముడి భార్య
పరదా: ఆడవాళ్ళు బయటివాళ్ళకు కనబడకుండా కట్టే తెర
రద్దీ: చాలామంది జనం ఒకేచోట ఉండడం

మాట్లాడుకుందాం, రాద్దాం

1. ఉస్మాన్ అలీఖాన్, మొజం జా, నిలోఫర్: వీళ్ళు ఒకరికొకరు ఏమవుతారు? వరసలు చెప్పండి.
2. అంత డబ్బున్న ఇంట్లో ఉన్నా రఫత్ ఎందుకు బతకలేదు? మీ మాటల్లో చెప్పండి.
3. మీ అమ్మమ్మను, నానమ్మను ఫోన్‌లో అడగండి: వాళ్ళు ఇంట్లో పుట్టారా, ఆసుపత్రిలోనా? కాన్పు ఎవరు చేశారు? విన్నది ఐదు వాక్యాల్లో రాయండి.