మౌలానా అబ్దుల్ హలీం 'షరర్'

ఉర్దూ సాహిత్యం చదివిన పెద్దలకు 'షరర్' అనే కలం పేరు క్రొత్త కాదు. ఆ మాటకు నిప్పురవ్వ అని అర్థం. అయితే ఆ పేరు గల మనిషి ఎన్ని ఊళ్ళు తిరిగినారో, ఎన్ని కొలువులు మారినారో మన పిల్లలకు తెలియదు. ఉర్దూ చదవటం రాని పిల్లలు మన ఇండ్లలోనే ఎక్కువైనారు. అందుకే ఆయన జీవితాన్ని తెలుగులో చెప్పదలచినాము.

మౌలానా అబ్దుల్ హలీం గారు 1860లో లక్నోలో పుట్టినారు. అప్పటికి నాలుగేండ్ల క్రితమే అవధ్ రాజ్యం ఇంగ్లీషువారి వశమైంది. నవాబు వాజిద్ అలీ షా కలకత్తా దగ్గర మటియాబుర్జ్ చేరి అక్కడే చిన్న లక్నోను కట్టుకున్నారు. తండ్రి హకీం తఫజ్జుల్ హుసేన్ గారు ఆ కొలువులో ఉండేవారు. పిల్లవాడు తొమ్మిదవ ఏట తండ్రి దగ్గరకు చేరినాడు.

బడికి పోయి వరుసగా తరగతులు దాటిన చదువు కాదది. అరబీ, ఫారసీ, తర్కం, యునానీ వైద్యం అన్నీ తండ్రి వద్ద, ఇతర పండితుల వద్ద నేర్చినదే. చుట్టూ చూస్తే రాజ్యం పోయిన రాజుగారి జంతుశాల, పావురాల గుంపులు, కవుల ముషాయిరాలు, పేరున్న గవాయీలు. వాజిద్ అలీ షా స్వయంగా పాట కట్టేవారు. ఠుమ్రీకి పేరు తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. ఆ సంగీతం బాలుని చెవిలో పడి జీవితాంతం నిలిచింది.

యువకుడై లక్నో తిరిగి వచ్చినారు. ఢిల్లీ వెళ్ళి మౌలానా నజీర్ హుసేన్ గారి వద్ద హదీసు చదివినారు. అంతటి చదువు చదివి చేరింది ఏ మదర్సాలోనో కాదు, పత్రికలో! 1880లో మున్షీ నవల్ కిషోర్ గారి 'అవధ్ అఖ్బార్'లో పనికి కుదిరినారు. ముస్లిం పండితుడు హిందూ ప్రచురణకర్త పత్రికలో కలం పట్టి పేరు తెచ్చుకున్న కాలమది. బంకించంద్రుని 'దుర్గేశనందిని'ని ఉర్దూలోనికి తెచ్చిందీ ఈయనే.

1887లో సొంతంగా 'దిల్‌గుదాజ్' మాసపత్రిక పెట్టినారు. ఆ సంవత్సరమే వాజిద్ అలీ షా కన్నుమూసినారు, మటియాబుర్జ్ వైభవం చెదిరిపోయింది. మరుసటి సంవత్సరం 'మలికుల్ అజీజ్ వర్జీనా' నవల వచ్చింది. సర్ వాల్టర్ స్కాట్ క్రూసేడు యుద్ధాలపై వ్రాసిన నవలకు ఇది జవాబు. ఆ నవలతో ఉర్దూలో చారిత్రక నవలకు దారి ఏర్పడింది. చరిత్ర కంటే ఉద్రేకం ఎక్కువని ఆయన నవలలను విమర్శించినవారు లేకపోలేదు. కాని జనం ఎగబడి చదివినారు.

పత్రికతో పేరు వచ్చింది గాని ఇల్లు గడవాలి గదా! 1891లో హైదరాబాదు వచ్చి నవాబ్ వికారుల్ ఉమ్రా గారి ఆశ్రయం పొందినారు. నవాబు గారి కుమారుని వెంట ఇంగ్లాండు వెళ్ళి కొన్నేండ్లు ఉన్నారు. అక్కడ ఫ్రెంచి నేర్చుకున్నారు. ముప్పై దాటిన వయసులో, మౌలానా బిరుదు గల మనిషి మళ్ళీ విద్యార్థి కావటానికి సిగ్గుపడలేదు.

తిరిగి వచ్చి హైదరాబాదు నుండే పత్రిక నడిపినారు. హజ్రత్ సకీనా గారి మీద ఆయన వ్రాసినదానికి గట్టి అభ్యంతరాలు వచ్చినవి. 1899లో లక్నో చేరవలసి వచ్చింది. ఆ సంవత్సరమే ఆయన పేరెన్నికగన్న నవల 'ఫిర్దౌసె బరీం' వెలువడింది. 1900లో 'పర్దా-ఎ-అస్మత్' పత్రిక ద్వారా పరదాలోని కఠిన ఆచారాలను ప్రశ్నించినారు. ప్రాస లేని కవిత్వానికి 'దిల్‌గుదాజ్'లో చోటిచ్చినారు. ఈ రెండింటికీ ఆ రోజుల్లో మాటలు పడవలసిందే.

1901లో మళ్ళీ హైదరాబాదు పిలుపు. మరుసటి యేడే వికారుల్ ఉమ్రా గారు పోయినారు, ఆసరా జారింది. తర్వాత ఇంకొకసారి విద్యాశాఖలో పని చేసినారు, అదీ నిలువలేదు. ఊరు మారినప్పుడల్లా పత్రిక ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. 1910 నుండి లక్నోలో స్థిరపడి కడదాకా నడిపినారు.

చిన్ననాట విన్న సంగీతం ఇప్పుడు పనికి వచ్చింది. 'దిల్‌గుదాజ్'లోనే పాత లక్నో గురించి వరుస వ్యాసాలు వ్రాసినారు. అదే 'గుజిష్తా లక్నో'. వంటకాలు, దుస్తులు, గాలిపటాలు, కోడిపందెములు, గానం, నాట్యం, మొహర్రంలో సోజ్ పాడే తీరు అన్నీ అందులో ఉన్నవి. మత పండితుడై యుండి రాగతాళములను ఇంత ఆదరంగా వ్రాసినవారు అరుదు. వాజిద్ అలీ షాను ఇంగ్లీషువారు వట్టి విలాసపురుషుడన్నారు. షరర్ గారు ఆయన కళను, లోపాన్నీ రెండింటినీ చూపించినారు. 1975లో ఈ గ్రంథం ఇంగ్లీషులో కూడా వచ్చింది.

1926 డిసెంబరులో మౌలానా గారు పరమపదించినారు. అల్లాహ్ వారిని క్షమించి కరుణించుగాక.

ఒక ఉద్యోగం పోతే, ఒక పరీక్ష తప్పితే జీవితం అయిపోయిందనుకునే మన యువకులు ఈ జీవితం చూడవలెనని మా కోరిక. షరర్ గారికి స్థిరమైన కొలువు లేదు, పోషకుడూ నిలువలేదు. కలం మాత్రం వదలలేదు. పోయిన లక్నో ఈనాటికీ మనకు కనబడుతున్నదంటే ఆయన వ్రాసిపెట్టినందుకే. మన మొహల్లాల్లో కూడా పాటలు, పద్ధతులు, పనితనములు పెద్దలతోపాటే పోతున్నవి. ఉర్దూలోనో తెలుగులోనో, వాటిని వ్రాసిపెట్టే పిల్లలు మనలో నుంచి రావాలి.