పీటర్ తంగరాజ్

పీటర్ తంగరాజ్ (1935 డిసెంబరు 24 - 2008 నవంబరు 24) హైదరాబాదుకు చెందిన భారత ఫుట్‌బాల్ క్రీడాకారుడు, గోల్ కీపర్. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించిన జట్టులో సభ్యుడు. 1958లో ఆసియాలో ఉత్తమ గోల్ కీపర్‌గా గుర్తింపు పొందాడు. 1967లో అర్జున పురస్కారం అందుకున్నాడు.

తొలి జీవితం

తంగరాజ్ 1935లో అప్పటి హైదరాబాదు సంస్థానంలో జన్మించాడు. సికింద్రాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆడుతూ ఫుట్‌బాలులో ఓనమాలు దిద్దుకున్నాడు. జంటనగరాలలో ఫుట్‌బాలుకు అది మంచి కాలం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకుంది. ఆ జట్టును చూస్తూ పెరిగిన కుర్రవాళ్ళ తరంలో తంగరాజ్ ఒకడు.

సైన్యంలో

1953లో తంగరాజ్ భారత సైన్యంలోని మద్రాసు రెజిమెంటల్ సెంటరులో చేరాడు. ఆ కాలంలో భారతదేశంలో ఫుట్‌బాలును వృత్తిగా చేసుకొని బ్రతికే అవకాశం దాదాపుగా లేదు. జాతీయ స్థాయి లీగు మొదలైనది 1996లోనే. అందువలన మంచి ఆటగాళ్ళలో చాలామంది సైన్యం, పోలీసు, రైల్వే వంటి శాఖలలో ఉద్యోగం చేస్తూ ఆడేవారు.

తంగరాజ్ మొదట ఆడిన స్థానం సెంటర్ ఫార్వర్డ్, అనగా గోల్స్ చేసే స్థానం. సైన్యంలో ఉండగా గోల్స్ ఆపే స్థానానికి మారాడు. ఆరడుగులకు మించిన ఎత్తు, పొడవైన చేతులు ఈ మార్పుకు అనుకూలించాయి. మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టు 1955లోను, 1958లోను డ్యూరాండ్ కప్పు గెలవడంలో ఇతడి పాత్ర ముఖ్యమైనది. 1960-61 సంతోష్ ట్రోఫీలో సర్వీసెస్ జట్టుకు నాయకత్వం వహించి, ఆ జట్టుకు తొలిసారి ఆ ట్రోఫీని సాధించి పెట్టాడు.

ఆటతీరు

తంగరాజ్ ఆడిన కాలంలో గోల్ కీపర్ పని ఇప్పటికంటె కష్టంగా ఉండేది. బంతి చేతిలో ఉన్న కీపర్‌ను ప్రత్యర్థి భుజంతో ఢీకొట్టడాన్ని నియమాలు అనుమతించేవి. గాయపడిన ఆటగాడి స్థానంలో మరొకరిని దించే వీలు సాధారణంగా ఉండేది కాదు కాబట్టి, దెబ్బ తగిలినా కీపర్ గోలు ముందు నిలబడవలసిందే. ప్రక్కల నుండి గోలు ముందుకు ఎత్తుగా వచ్చే బంతులను, కార్నర్ కిక్కులను ప్రత్యర్థుల తలల మీదుగా అందుకోవడం తంగరాజ్ ప్రత్యేకత. ఫార్వర్డు చేసిన గోలు లెక్కలో నిలుస్తుంది. కీపర్ ఆపిన బంతి ఏ లెక్కలోనూ చేరదు. ఇతడి పేరు ముఖ్యంగా అటువంటి పని మీద నిలిచింది.

అంతర్జాతీయ పోటీలు

1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో, ఎక్కువమంది ఆటగాళ్ళు బూట్లు లేకుండానే ఆడిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయింది. ఆ తరువాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. తంగరాజ్ జాతీయ జట్టులోకి వచ్చినది ఈ మార్పు జరుగుతున్న రోజులలోనే. 1955లో ఢాకాలో జరిగిన నాలుగు దేశాల పోటీలో ఆడిన తరువాత, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యాడు. ఆ జట్టులోని ఇద్దరు కీపర్లలో రెండవవాడు ఎస్.ఎస్. నారాయణ్. భారతదేశం 4-2 తేడాతో ఆస్ట్రేలియాను ఓడించి సెమీఫైనలు చేరింది. అక్కడ మళ్ళీ యుగోస్లావియాయే ఎదురై 4-1 తేడాతో గెలిచింది. చివరకు భారతదేశానికి నాలుగవ స్థానం దక్కింది.

1958 టోక్యో ఆసియా క్రీడలలోనూ భారత జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగేరీ చేతిలో 1-2 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమంగా నిలిచి, పెరూ చేతిలో 1-3 తేడాతో ఓడింది.

జకార్తా, 1962

1962 ఆసియా క్రీడలలో భారత జట్టు తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిపోయింది. తరువాత థాయిలాండును 4-1, జపానును 2-0, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3-2 తేడాతో ఓడించింది. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడా ప్రతినిధి గురుదత్ సోంధీ విమర్శించడంతో, స్థానిక ప్రేక్షకులు భారత జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు.

జ్వరం కారణంగా తంగరాజ్ జట్టుకు దూరం కాగా, ప్రద్యుత్ బర్మన్ గోలు కాపాడాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో మళ్ళీ దక్షిణ కొరియాయే ప్రత్యర్థి. కోలుకున్న తంగరాజ్‌నే కోచ్ రహీమ్ ఆ ఆటకు ఎంచుకున్నాడు. పి.కె. బెనర్జీ, తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్ తొలి 20 నిమిషాలలో చెరొక గోలు చేశారు. ఆ తరువాత గంటకు పైగా ఆ ఆధిక్యాన్ని నిలుపుకోవలసిన భారం తంగరాజ్ మీద, అతని ముందున్న రక్షణ శ్రేణి మీద పడింది. ఆట చివరి భాగంలో కొరియా ఒక్క గోలు మాత్రమే చేయగలిగింది. భారతదేశం 2-1 తేడాతో గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశానికి 1951 తరువాత అది రెండవ స్వర్ణం. ఆ తరువాత మరొకటి రాలేదు. రహీమ్ 1963 జూన్ 11న కాన్సరుతో మరణించాడు.

కలకత్తా క్లబ్బులు

సైన్యం వదిలిన తరువాత తంగరాజ్ కలకత్తాలోని మూడు ప్రధాన క్లబ్బులైన మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లకు ఆడాడు. ఒకదానికొకటి బద్ధ ప్రత్యర్థులైన ఈ మూడు క్లబ్బుల అభిమానుల ఆదరణా పొందాడు. సంతోష్ ట్రోఫీలో బెంగాల్ తరఫున కూడా ఆడాడు. 1966లో బాంకాక్ ఆసియా క్రీడలలోనూ పాల్గొన్నాడు. ఆసియా ఆల్ స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. 1970 దశకం ఆరంభంలో ఆట నుండి విరమించాడు.

చివరి జీవితం

ఆట మానిన తరువాత తంగరాజ్ శిక్షకుడిగా పనిచేశాడు. గోవా క్లబ్బులతోను, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంతోను ఇతడికి అనుబంధం ఉంది. చివరకు ఉక్కు నగరమైన బొకారోలో స్థిరపడి, అక్కడి కుర్రవాళ్ళకు ఆట నేర్పాడు. 2008 నవంబరు 24న, 72 ఏళ్ళ వయస్సులో, గుండెపోటుతో అక్కడే మరణించాడు.