ప్లేగు టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్

ఉర్దూలో వబా అంటాము, తెలుగులో మహమ్మారి అంటాము. పేరేదైనా, అది వచ్చినప్పుడు ధనికుడని, పేదవాడని చూడదు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా రూపంలో మనమందరం దానిని కళ్ళారా చూశాము. రోగంతో పాటు పుకార్లు కూడా ఇంటింటికీ తిరిగాయి. టీకా అంటే భయపడి తలుపు వేసుకున్నవారు అన్ని వర్గాలలోనూ ఉన్నారు. అందుచేత, ఇదే భయాన్ని నూరేళ్ళకు ముందే ఎదుర్కొన్న ఒక మహనీయుని జీవితాన్ని సభ్యుల ముందు ఉంచదలచాము.

ఆయన పేరు వాల్డెమార్ హాఫ్‌కిన్. 1860లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో యూదు కుటుంబంలో జన్మించారు. ఆయన డాక్టరు కాదు, జంతుశాస్త్రం చదివిన పరిశోధకుడు. మతం మార్చుకుంటే గాని అక్కడ పెద్ద ఉద్యోగం దొరకని పరిస్థితి. ఆయన మార్చుకోలేదు. దేశం విడిచి చివరకు పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చేరి, మొదట గ్రంథాలయంలో చిన్న కొలువు చేశారు. అక్కడే 1892లో కలరా టీకా తయారుచేసి, ముందుగా తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. 1893లో కలకత్తా వచ్చి, బస్తీలు తిరిగి కలరా టీకాలు వేశారు.

1896లో బొంబాయిలో ప్లేగు విరుచుకుపడింది. జనం వేలాదిగా ఊరు విడిచి పారిపోయారు. ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను అక్కడికి పంపింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక చిన్న చోటు, ఒక గుమాస్తా, ముగ్గురు నౌకర్లు, అంతే ఆయనకు దొరికిన సహాయం. రోగక్రిములను రసంలో పెంచి, వేడితో చంపి టీకా చేయాలి. హిందువులకు గాని, ముస్లింలకు గాని అభ్యంతరం రాకూడదని గొడ్డుమాంసం, పందిమాంసం జోలికి పోకుండా మేక మాంసపు రసాన్ని వాడారు. ప్రజల మనసు తెలుసుకొని పనిచేయడమంటే ఇదే. 1897 జనవరి 10న ఆ టీకాను కూడా తనకే, అదీ ఎక్కువ మోతాదులో వేయించుకున్నారు. జ్వరం వచ్చింది, నొప్పి వచ్చింది, తగ్గింది. ఆ తరువాతనే ఇతరులకు వేశారు.

అయినా జనానికి నమ్మకం కలగలేదు. అందుకు కారణం కూడా ఉంది. ప్లేగు సిబ్బంది ఇళ్ళలోకి చొరబడి రోగులను బలవంతంగా తీసుకుపోయేవారు. పర్దా స్త్రీలున్న ఇళ్ళలో ఇది భరించరాని అవమానమయ్యింది. 1898 మార్చిలో బొంబాయి మదన్‌పురాలో జులాహా నేతపనివారు తిరగబడ్డారు, అల్లర్లు జరిగాయి. బలవంతం వల్ల రోగులను దాచిపెట్టడం ఎక్కువయ్యింది గాని రోగం ఆగలేదు.

అటువంటి సమయంలో ఇరవై ఏళ్ళ యువకుడు, ఖోజా జమాత్ నాయకుడు మూడవ ఆగాఖాన్ ముందుకొచ్చారు. ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. అందరి ఎదుట తానే టీకా వేయించుకున్నారు, ఒకసారి కాదు, పలుమార్లు. హాఫ్‌కిన్ ప్రయోగశాలకు తన బంగళా ఇచ్చారు. అది చూసి ఖోజాలు వేల సంఖ్యలో టీకా వేయించుకున్నారు. యూదు శాస్త్రజ్ఞుడు, ముస్లిం నాయకుడు చేయి కలిపితే ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి.

తరువాత పెద్ద కష్టం వచ్చింది. 1902 అక్టోబరులో పంజాబులోని మల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకా వేస్తే, ఒకే సీసాలోని మందు తీసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. మిగతా సీసాల వారికి ఏమీ కాలేదు. ఆ సీసా తెరిచేటప్పుడు సహాయకుడి చేతి పట్టకారు నేలమీద పడిందని, దానిని సరిగా శుద్ధి చేయలేదని సాక్ష్యం ఉంది. అయినా నింద హాఫ్‌కిన్ మీద పడింది. పదవి పోయింది. 1904లో దేశం విడిచారు. మన సికింద్రాబాదులో దోమ ద్వారా మలేరియా రహస్యం తెలుసుకున్న రొనాల్డ్ రాస్ మొదలైన శాస్త్రజ్ఞులు ఆయన పక్షాన నిలిచారు. 1907లో నిర్దోషి అని తేలింది. ఆయన తిరిగి వచ్చారు గాని, తాను స్థాపించిన బొంబాయి ప్రయోగశాల పదవి తిరిగి దక్కలేదు. కలకత్తాలో పనిచేసి విరమించారు. 1925లో ఆ సంస్థకు ఆయన పేరు పెట్టారు. 1930లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో కన్నుమూశారు.

ప్లేగు ఉన్న చోటికి పోవద్దని, ఉన్న చోటినుండి పారిపోవద్దని మన ప్రవక్త (స) ఏనాడో బోధించారు. షామ్‌లో ప్లేగు ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (ర) దారిలోనే వెనుదిరిగారు. ఎవరైనా వార్త తెస్తే విచారించి గాని నమ్మవద్దని ఖురాన్ ఆదేశం. ఈ మూడూ తెలిసిన మనం పుకారుకు చెవి ఒగ్గడం తగునా? రేపు మరో వబా వచ్చిన నాడు జమాత్ పెద్దలు, ఉస్తాదులు, ఇంటి పెద్దలు ముందు తమ చేయి చాపాలి. తక్కినవారు వెనుక వస్తారు. అల్లాహ్ మనకు ఆ ధైర్యాన్ని, వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.