సభ లేని ఉపసభాపతి

యుద్ధం వచ్చినప్పుడు చట్టసభ నోరు మూసుకోవాలా, తెరవాలా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. 1962 అక్టోబరులో చైనా సేనలు సరిహద్దు దాటినప్పుడు నెహ్రూ ప్రభుత్వం పార్లమెంటు సమావేశాన్ని వాయిదా వేయలేదు సరికదా, ముందుకు జరిపి నవంబరు 8న ప్రారంభించింది. సభ కూడడానికి ముందు రోజుననే రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవిని విడవవలసి వచ్చింది. సరిహద్దులో కాల్పులు జరుగుతూనే ఉన్నవి, సభలో సభ్యులు ప్రభుత్వాన్ని నిలదీస్తూనే ఉన్నారు. ఢిల్లీలో పార్లమెంటు వార్తలు రాసుకుని బ్రతికే మాబోటివారు ఎప్పుడు యుద్ధకాలపు సమావేశాలను గూర్చి మాట్లాడుకున్నా, ఆ ఉదాహరణ దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం మరొక సభ గుర్తుకు వస్తుంది. అది 1939 అక్టోబరులో పాట్నాలో కూడిన బీహారు శాసనసభ. ఆ సభతోపాటు దాని డిప్యూటీ స్పీకరు ప్రొఫెసర్ అబ్దుల్ బారీ కూడా గుర్తుకు వస్తారు.

బారీ పేరు మన ప్రాంతంలో ఎక్కువమందికి తెలియదు. కాని ఉత్తరాంధ్ర జిల్లాల నుండి జంషెడ్‌పూర్ వెళ్ళి టాటావారి ఉక్కు కర్మాగారంలో చేరిన కుటుంబాలలో పాతతరం వారికి ఆ పేరు పరిచితమే. ఒకసారి ఎన్నికల వార్తల కోసం నేను ఆ పట్టణం వెళ్ళాను. బిష్టుపూర్‌లో తెలుగువారు నిలబెట్టుకున్న రామమందిరం చూసి, సాక్చీలోని బారీ మైదానం మీదుగా నడిచి వెళ్ళాను. మైదానానికి పేరు పెట్టి మనిషిని మరచిపోవడం మన దేశంలో పరిపాటి. కనుక ఆ మనిషి కథ కొంత వివరంగా చెప్పడం అవసరమనిపిస్తున్నది.

1892లో బీహారులో జన్మించిన బారీ చరిత్ర చదువుకున్నారు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో, గాంధీజీ 1921లో ప్రారంభించిన బీహారు విద్యాపీఠంలో అధ్యాపకులైనారు. పేరుకు ముందు ప్రొఫెసర్ అన్న మాట అప్పుడు చేరి, ఆయన జీవితాంతం వదలలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహం సాగిన రోజులలో భాగల్పూరు జిల్లా బిహ్‌పూర్‌లో పోలీసులు లాఠీలు ఝళిపించినప్పుడు, రాజేంద్రప్రసాద్‌తోపాటు దెబ్బలు తిన్నవారిలో ఆయన ఒకరు. జయప్రకాశ్ నారాయణ్ ప్రభృతులతో కలిసి బీహారు సోషలిస్టు ఉద్యమానికి ఆదిలో రూపుకట్టిన వారిలోనూ ఆయన ఉన్నారు. స్వభావం మాత్రం అధ్యాపకులది కాదు. కోపం ముక్కు మీద ఉండేది. వేదిక ఎక్కితే అధికారులను, కంపెనీ పెద్దలను పేరుపెట్టి దుమ్మెత్తిపోసేవారు. ఇది ఆయన అభిమానులు కూడా కాదనని మాట.

అటువంటి మనిషిని 1937లో బీహారు శాసనసభ డిప్యూటీ స్పీకరుగా ఎన్నుకున్నది. 152 స్థానాల ఆ సభకు రామదయాళు సింగ్ స్పీకరు, శ్రీకృష్ణ సింహ ప్రధానమంత్రి. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి అనే పిలిచేవారు. ఇతరుల నోటిని అదుపులో పెట్టవలసిన పదవి తన నోటికి అదుపులేని మనిషికి దక్కడం విధివిలాసమే. అయితే సభామర్యాదలు వేరు, వీధి సభల మర్యాదలు వేరు అన్న సంగతి తెలిసిన మనిషికి ఆ రెండూ ఒకేసారి నిర్వహించడం కష్టం కాదని మన శాసనసభలలోనూ అనేకసార్లు చూశాం.

ఆ సంవత్సరాలలోనే జంషెడ్‌పూర్ కూడా ఆయన చేతికి వచ్చింది. అక్కడి కార్మిక సంఘం 1920లో పుట్టినది. 1928 నాటి పెద్ద సమ్మె కాలంలో సుభాష్ చంద్రబోస్ దానికి నాయకత్వం వహించారు. బోస్ తరువాత బారీ అధ్యక్షులైనారు. 1937లో సంఘం టాటా వర్కర్స్ యూనియన్ అన్న పేరు ధరించింది. మన వి.వి. గిరి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన మార్గం మీదనే ఈ పట్టణం ఉన్నది. ఆయన మద్రాసులో కార్మికమంత్రిగా ఉన్న కాలంలోనే బారీ పాట్నా సభలో డిప్యూటీ స్పీకరుగా, జంషెడ్‌పూర్‌లో కార్మిక నాయకుడుగా రెండు పాత్రలు నడిపారు.

జంషెడ్‌పూర్‌ను గూర్చి ఒక సంగతి ఇక్కడ చెప్పకపోతే తరువాతి కథ బోధపడదు. అది యుద్ధం పేరు పెట్టిన ఊరు. మొదటి ప్రపంచయుద్ధంలో టాటా పట్టాలు మెసపొటేమియాకు వెళ్ళిన ఉపకారాన్ని తలచుకుని, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి, సాక్చీ అన్న గ్రామానికి జంషెడ్జీ టాటా పేరు పెట్టినాడు. రోడ్లు, నీళ్ళు, దీపాలు, ఆసుపత్రి అన్నీ కంపెనీవే. 1924లో ఏర్పడిన నోటిఫైడ్ ఏరియా కమిటీ నియామకాలతో నడిచినదే కాని, పౌరులు ఎన్నుకున్న పురపాలక సంఘం కాదు. అందుచేత ఆ ఊరి మనిషికి తన కష్టం చెప్పుకోవడానికి రెండే చోట్లు. ఒకటి, పాట్నాలోని శాసనసభ. రెండవది, యూనియన్ మైదానం.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఏ శాసనసభనూ అడగకుండా భారతదేశాన్ని యుద్ధంలోకి దించినాడు. అదే నెలలో బ్రిటిషు పార్లమెంటు 1935 చట్టాన్ని అతి త్వరితంగా సవరించి, రాష్ట్ర ప్రభుత్వాల అధికారాలలోకి కేంద్రం చొరబడడానికి వీలు కల్పించింది. అక్టోబరులో కాంగ్రెసు పాలనలోని శాసనసభలు ఒకదాని వెంట ఒకటి సమావేశమైనవి. మద్రాసులో బులుసు సాంబమూర్తి స్పీకరుగా ఉన్న సభలో రాజాజీ తీర్మానం తెచ్చారు. ప్రకాశం, గిరి, బెజవాడ గోపాలరెడ్డి ఆ మంత్రివర్గంలోని వారే. పాట్నాలోనూ అదే సారాంశం. ప్రజల సమ్మతి లేకుండా దేశాన్ని యుద్ధంలో భాగస్వామిని చేసినందుకు సభ విచారం తెలిపింది. ఏ ప్రజాస్వామ్యం కోసం యుద్ధమంటున్నారో దానిని ఇండియాకూ వర్తింపజేయవలసిందని కోరింది. నిజానికి అది ప్రార్థనాపత్రం వంటి భాషే. మెత్తని మాటలు, గట్టి కోరిక.

జవాబు రాలేదు. అక్టోబరు చివర శ్రీకృష్ణ సింహ మంత్రివర్గం రాజీనామా చేసింది. నవంబరు మొదటి వారంలో గవర్నరు 1935 చట్టం 93వ సెక్షను కింద పాలన స్వీకరించినాడు. ఈ సెక్షనులోని కిటుకు ఏమంటే, సభను రద్దు చేయనవసరం లేదు, పిలవకుండా ఉంటే చాలు. సభ్యులు పేరుకు సభ్యులే, సభ మాత్రం లేదు. ఈ స్థితి ఆరు సంవత్సరాలకు పైగా, 1946 ఎన్నికల వరకు కొనసాగింది. సభ లేని ఉపసభాపతి అన్నది ఆ విధంగా ఒక వాస్తవ పదవి అయినది.

ఇక్కడ లండన్ వైపు ఒకసారి చూడాలి. 1940 మే 7, 8 తేదీలలో నార్వే పరాజయం మీద కామన్స్ సభలో చర్చ జరిగింది. యుద్ధం నడుమ స్వపక్ష సభ్యులే ప్రధానమంత్రి చేంబర్లేన్‌ను తూర్పారబట్టారు. పదవ తేదీన ఆయన దిగిపోయి చర్చిల్ వచ్చినాడు. సరిగా ఏడాదికి, 1941 మే 10 రాత్రి, జర్మను బాంబులు కామన్స్ మందిరాన్ని కూల్చివేస్తే, సభ్యులు ప్రభువుల సభ మందిరంలోకి మారి పని సాగించారు కాని తలుపులు మూయలేదు. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని, ఆ పార్లమెంటు చరిత్ర మీద భక్తితో పెరిగిన నా వంటివాడు ఇంతవరకు తల ఊపవచ్చు. తరువాతి సంగతి దగ్గర తల ఆగుతుంది. చేంబర్లేన్‌ను కూల్చిన ఉపన్యాసాలలో అన్నింటికన్నా పదునైనది లియో ఎమరీది. ఆ వారంలోనే ఎమరీ భారత వ్యవహారాల మంత్రి అయినాడు. 1945 వరకు ఆ పదవిలో ఉన్నాడు. పాట్నా, మద్రాసు వంటి సభలకు తాళాలు వేసి ఉంచిన ప్రభుత్వానికి లండన్‌లో పెద్దదిక్కు ఆయనే.

అన్ని రాష్ట్రాలలోనూ సభలు మూతపడినవని కాదు. పంజాబు, బెంగాలు వంటిచోట్ల సమావేశాలు జరిగినవి. మన సరిహద్దున ఒరిస్సాలో 1941 నవంబరులో పర్లాకిమిడి మహారాజా మంత్రివర్గం ఏర్పరచినారు. ఎన్నికైన కాంగ్రెసు సభ్యులలో పలువురు జైళ్ళలో ఉండగా సాగిన సభను సభ అనాలా అన్నది వేరే ప్రశ్న. మూసిన తలుపు కన్నా అది మెరుగని నాకు తోచదు.

పాట్నా సభ లేకపోవడంతో బారీకి మిగిలినది మైదానం ఒక్కటే. యుద్ధం ముదిరేకొద్దీ కర్మాగారం మీద ఒత్తిడి పెరిగింది. కవచపు రేకులు, సైనిక వాహనాలు అక్కడినుండి వెళ్ళసాగినవి. ఆ ఉక్కు రేకులతో తయారైన కవచ శకటాలకు సైనికులు టాటానగర్ అనే పేరు పెట్టుకున్నారు. ధరలు పెరుగుతున్నవి, పనిగంటలు బరువెక్కుతున్నవి, అడిగేందుకు శాసనసభలో ప్రశ్నోత్తరాల గంట లేదు. ఆ గంటకు బదులు బారీ సభలు జరిగేవి. ఆయన వాడిన భాష నాకు రుచించేది కాదు. సంఘమంతా ఒక మనిషి కంఠంగా మారడం సంఘానికి మేలు చేసేది కూడా కాదు. అయినా తాళం వేసిన సభకు ఎదురుగా నిలబడినవాడు మృదుభాషిగా ఉండాలని కోరడంలో న్యాయం ఎంత ఉన్నదో తూచి చూడాలి.

1942 ఆగస్టు వచ్చింది. నాయకులందరూ నిర్బంధితులైనారు, బారీ కూడా జైలు పాలైనారు. ఆగస్టు 11న పాట్నాలో సచివాలయం మీద జెండా ఎగురవేయడానికి కదలిన విద్యార్థులపై కాల్పులు జరిగి ఏడుగురు మరణించారు. మూడేళ్ళుగా మూగబోయిన శాసనసభ ముంగిట ఈనాడు కనిపించే ఆ ఏడుగురి కంచు విగ్రహాలను మలచినది మద్రాసు చిత్రకళాశాలకు చిరకాలం అధిపతిగా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌధురి. జంషెడ్‌పూర్‌లో పోలీసు కానిస్టేబుళ్ళే రామానంద్ తివారీ నాయకత్వాన తిరగబడినారు. ఈ తివారీ తరువాతి కాలంలో బీహారు మంత్రి అయినారు. ఆగస్టు 20న ఉక్కు కర్మాగారంలో సంపూర్ణ సమ్మె మొదలైనది. దాదాపు 30,000 మంది కార్మికులు. పర్యవేక్షక సిబ్బంది సానుభూతి కూడా వారికి ఉన్నది.

సమ్మెలు ఎన్నో చూశాం. కూలి, బోనసు, బర్తరఫులు అన్న మూడింటి చుట్టూ తిరగనిది అరుదు. ఈ సమ్మెలో ఆ మూడూ లేవు. దేశంలో జాతీయ ప్రభుత్వం ఏర్పడేవరకు పనిలోకి రాము అన్నది ఒక్కటే కోరిక. 1939 అక్టోబరులో పాట్నా సభ మెత్తని భాషలో అడిగి జవాబు పొందని కోరికకు ఇది తోబుట్టువు. సభలో చేతులెత్తి అడిగినది కొలిమి ముందు చేతులు దించి అడిగారు. బ్లాస్ట్ ఫర్నేసును నీళ్ళ కుళాయి వలె కట్టి, మళ్ళీ విప్పడానికి వీలులేదు. దానిని ఆపడమంటే ఏమిటో ఆ కార్మికులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. హిట్లరును ఎదిరించే యుద్ధం ప్రజాయుద్ధమని, ఉత్పత్తి ఆగరాదని కమ్యూనిస్టు పార్టీ అప్పుడు వాదించింది. మన జిల్లాలలో ఆ వాదం మీద అన్నదమ్ములు విడిపోయిన ఇళ్ళున్నవి. దానిని ఒక వాక్యంలో తీర్పుచెప్పి పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. కాని అడగడానికి చోటే లేనివాడిని, అడిగిన సమయం బాగాలేదని తప్పుపట్టడం మాత్రం నాకు సమంజసంగా కనిపించదు.

సుమారు రెండు వారాలకు సమ్మె ముగిసింది. జాతీయ ప్రభుత్వం ఏర్పడలేదు. నాయకుడు చెరసాలలో ఉండగా జరిగిన ఈ సమ్మె బారీ జీవితంలో ఒక విచిత్ర ఘట్టం. ఆయన పలికిన వేల మాటలకన్నా ఆయన లేనప్పుడు ఊరు పాటించిన మౌనం గట్టిది.

1946లో ఎన్నికలు జరిగి పాట్నా సభ తిరిగి తెరుచుకున్నది, శ్రీకృష్ణ సింహ మళ్ళీ ప్రధానమంత్రి అయినారు. బారీ బీహారు రాష్ట్ర కాంగ్రెసు కమిటీ అధ్యక్షులైనారు. ఆ అక్టోబరు, నవంబరు నెలలలో బీహారులో జరిగిన మతోన్మాద మారణకాండ చరిత్రకెక్కినదే. 1947 మార్చి మొదట గాంధీజీ శాంతియాత్రకు పాట్నా వచ్చారు. యుద్ధం ముగిసినా యుద్ధకాలపు సరుకుల నియంత్రణలు ముగియలేదు. ఆ మార్చి 28న బారీ పాట్నాకు కారులో తిరిగి వస్తుండగా, నగరానికి చేరువలో, సరుకుల అక్రమ రవాణాను అరికట్టే సాయుధ దళంవారు ఆపినారు. మాటామాటా పెరిగింది. తుపాకి పేలింది. పాలించేది కాంగ్రెసు ప్రభుత్వం, తుపాకి ఆ ప్రభుత్వపు దళానిది, చనిపోయినది ఆ రాష్ట్రపు కాంగ్రెసు అధ్యక్షుడు.

రాష్ట్రం అప్పటికే నెత్తురోడుతున్నది. చనిపోయినది ముస్లిము నాయకుడు గనుక ఈ వార్త ఏ నిప్పు రాజేస్తుందోనన్న భయం అందరిలోనూ కలిగింది. గాంధీజీ బారీ ఇంటికి వెళ్ళి కుటుంబాన్ని పరామర్శించారు. ఈ మరణానికి మతం రంగు పులమరాదని ప్రజలకు చెప్పారు. ఆయన పేదరికాన్ని, నిజాయితీని కొనియాడుతూనే కోపాన్ని కూడా దాచకుండా ప్రస్తావించారు. అంత పెద్ద కార్మిక సంఘాన్ని పదేళ్ళు నడిపిన మనిషి ఫకీరు వలె బ్రతికినాడని అప్పుడు దేశానికి తెలిసింది. మార్చి 30న గాంధీజీ మౌంట్‌బాటెన్‌ను కలుసుకోవడానికి ఢిల్లీకి బయలుదేరారు. పత్రికల మొదటి పుట ఆయన వెంట ఢిల్లీకి వెళ్ళిపోయింది.

యూనియన్ అధ్యక్ష పదవి మైకేల్ జాన్‌కు సంక్రమించింది. ఆయన బారీకి సహచరుడే అయినా స్వభావం వేరు. సంప్రదింపుల బల్ల దగ్గర కూర్చుని యాజమాన్యంతో దీర్ఘకాలిక ఒప్పందాలు కుదుర్చుకునే పద్ధతి ఆయన కాలంలో స్థిరపడింది. జంషెడ్‌పూర్‌లో గోల్మురి దగ్గర బారీ పేర ఒక కళాశాల ఉన్నది. ఢిల్లీ నుండి పాట్నాకు రైలులో వెళ్ళేవారు ఆరా దాటిన తరువాత శోణ నది మీద 1862లో కట్టిన పెద్ద వంతెన ఎక్కుతారు. పైన రైలు, కింద బండ్ల దారి. దాని అధికారిక నామం అబ్దుల్ బారీ వంతెన. జనం కోయిల్వర్ పుల్ అంటారు.